కుక్కనీ, దాని మనిషినీ ఒకే ఫ్రేములో పట్టుకోవడం ఎలా?

పెంపుడు కుక్కల ఫోటోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో విజయవాడలో ఒక ఇంటికి వెళ్ళాను. రెండున్నరేళ్ళ లాబ్రడార్, పేరు సింబా. బిస్కెట్ చూపించి, ఈల వేసి, చిటికెలు వేసి గంటన్నరలో మూడొందల ఫ్రేములు కొట్టాను. అన్నిట్లోనూ నాలుక బయటపెట్టి కెమెరా వైపే చూస్తోంది. ఇంటావిడ అన్నీ ఓపిగ్గా చూసి, "బాగున్నాయి బాబూ. కానీ ఇది మా సింబాలా లేదు, క్యాలెండర్‌లో కుక్కలా ఉంది" అన్నారు.

చివర్లో ఒకే ఒక్క ఫోటో దగ్గర ఆగారు. నేను బ్యాగ్ సర్దుకుంటూ యథాలాపంగా నొక్కింది అది. బయట తిరిగొచ్చిన సింబా గుమ్మం ముందు ఆగింది. ఆవిడ పీట మీద కూర్చుని పాత తుండుగుడ్డతో దాని కాళ్ళు తుడుస్తున్నారు. కుడికాలు అయిపోగానే, చెప్పకుండానే అది ఎడమకాలు ఎత్తి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ చూపు కాలి మీద ఉంది, దాని చూపు వంటింటి వైపు ఉంది. కెమెరాని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఆ ఒక్కటే ప్రింట్ వేయించమన్నారు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కుక్కకీ మనిషికీ మధ్య ఉన్నది ఫోటోలో కనబడాలంటే వాళ్ళని కెమెరా వైపు తిప్పకూడదు. వాళ్ళు రోజూ చేసుకునే పని దగ్గర మనం ముందే వెళ్ళి కూర్చోవాలి. కింద చెప్పే వెలుతురు, సెట్టింగులు, లెన్సులు అన్నీ ఆ కూర్చోవడం కోసమే.

కెమెరా తీయకముందు

ముందు రోజు ఫోన్ చేసి మాట్లాడండి. "మీ కుక్క పోజులిస్తుందా?" అని అడగొద్దు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరిద్దరూ ఏమేం చేస్తారు?" అని అడగండి. జవాబుల్లోనే మీ షూట్ ప్లాన్ ఉంటుంది. "మా ఆయన స్కూటర్ చప్పుడు వీధి చివర వినబడితే గేటు దగ్గరికి పరిగెడుతుంది" అంటారు ఒకరు. "నేను పేపర్ చదువుతుంటే పాదాల మీద తల పెట్టుకుని పడుకుంటుంది" అంటారు ఇంకొకరు. ఒక మామ్మగారు "పెరుగన్నం నా చేత్తో కలిపి పెడితేనే ముట్టుకుంటాడండీ, కోడలు పెడితే మొహం తిప్పేస్తాడు" అన్నారు, కాస్త గర్వంగానే. ఇలాంటివి మూడు దొరికితే చాలు, రెండు గంటల షూట్ నిండిపోతుంది. అవి ఏ టైముకి జరుగుతాయో కూడా రాసుకోండి. పెరుగన్నం మధ్యాహ్నం ఒంటిగంటకైతే మీరు పన్నెండున్నరకి అక్కడుండాలి. పొద్దున్న ఏడింటికి వెళ్ళి "ఒకసారి అన్నం పెట్టండి" అంటే కుక్క కూడా అయోమయంగా చూస్తుంది.

హుషారు ఎక్కువున్న కుక్కని బాగా నడిపించి తీసుకొచ్చాక మొదలుపెట్టండి. బద్ధకిష్టుల విషయంలో తిండికి ముందు వెళ్ళండి, కడుపు నిండాక అవి కదలవు.

ఇంట్లోకి వెళ్ళాక మొదటి పావుగంట కెమెరా ముట్టుకోవద్దు. కుక్క వైపు నేరుగా నడిచి వెళ్ళకుండా పక్కకి తిరిగి కింద కూర్చోండి. బ్యాగ్ తెరిచి నేల మీద పెట్టండి, వాసన చూసుకుంటుంది. పరిచయం లేని కుక్క నెత్తి మీదుగా చెయ్యి పోనివ్వకండి. పెద్ద లెన్స్ దానికి రెప్ప వేయకుండా చూస్తున్న పెద్ద కన్నులా ఉంటుంది, అందుకే మొదట కెమెరాని ఒళ్ళో ఊరికే పెట్టుకుని ఇంటివాళ్ళతో కబుర్లు చెప్పండి. తర్వాత ఎటో చూస్తూ రెండు మూడుసార్లు షట్టర్ నొక్కి ఆ చప్పుడు అలవాటు చేయండి. చాలా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాల్లో సైలెంట్ షట్టర్ ఉంటుంది. కుక్క నెమ్మదిగా ఉన్నప్పుడు అది వాడండి. పరిగెత్తేటప్పుడు మాత్రం వద్దు, మామూలు సెన్సార్లున్న కెమెరాల్లో ఒళ్ళు సాగినట్టు వస్తుంది.

ఈ సంకేతాలు తెలిసుండాలి: తిండి కనబడకపోయినా పెదవులు నాకుకోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, తోక కాళ్ళ మధ్యకి పోవడం, ఒళ్ళు బిగుసుకుపోవడం. ఇందులో ఏది కనబడినా కెమెరా దించి నాలుగడుగులు వెనక్కి వెళ్ళండి. గుర్రుమంటే ఆ రోజుకి ఆపేయండి. ఒకవేళ పన్ను దిగితే, టీకాలు వేయించిన కుక్కే అయినా సరే, సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మొహమాటపడి "పర్లేదండీ, గీరుకుంది అంతే" అనొద్దు.

వెలుతురు ఎక్కడ వెతకాలి

మన ఇళ్ళలో స్టూడియో లైట్లకంటే మంచిది వీధి గుమ్మం. తెరిచిన తలుపు నుంచి రెండు మూడడుగులు లోపల కుక్కనీ మనిషినీ కూర్చోబెడితే మెత్తటి వెలుతురు పక్కనుంచి పడుతుంది, వెనకాల గది చీకట్లోకి జారిపోతుంది. మీరు గుమ్మానికి ఒక పక్కగా కూర్చోవాలి, గుమ్మానికి అడ్డంగా కాదు. అపార్టుమెంట్ అయితే బాల్కనీ తలుపు దగ్గర ఇదే పని చేయొచ్చు. ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి. లేకపోతే ఒక చెంప నీలంగా, ఇంకో చెంప ఆకుపచ్చగా వస్తుంది.

కుక్క కళ్ళు ముదురు రంగువి. వాటిలో ఆకాశమో, తలుపో చిన్న మెరుపులా ప్రతిఫలించకపోతే ఫోటోలో గాజు గోళీల్లా కనబడతాయి. అందుకే తీసే ముందు కంట్లోకి చూడండి. మెరుపు లేకపోతే మనిషిని కాస్త తలుపు వైపు జరగమనండి, కుక్క తల కూడా ఆటోమేటిగ్గా అటు తిరుగుతుంది.

ఫ్లాష్ వద్దు. కుక్క కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, రాత్రి బాగా కనబడటానికి. నేరుగా ఫ్లాష్ కొడితే ఆ కళ్ళు పచ్చగానో, పసుప్పచ్చగానో వెలిగి దెయ్యం సినిమా అవుతుంది.

బయట అయితే పొద్దున్న ఎనిమిది లోపల, లేదా సాయంత్రం ఐదు దాటాక వెళ్ళండి. విశాఖ బీచ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి పొద్దున్నే అక్కడికెళ్తే కుక్క బొచ్చు అంచున బంగారు గీత పడుతుంది. కానీ సముద్రం వైపు తిరిగి తీస్తే కుక్క మొహం నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) కొంచెం పెంచాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ డాగ్ పార్క్ ఉంది. అయితే కొత్త కుక్కల మధ్య మీ కుక్క దృష్టి తన మనిషి మీద ఉండదు. ఆడుకునే ఫోటోలకి అది సరే, బంధం కనబడే ఫోటోలకి మాత్రం నేను ఇంటినే ఎంచుకుంటాను.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో జాగ్రత్త. రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు తట్టుకోలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు. పగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఎండలో ఊపిరి ఆడటమే కష్టం. ఒకప్పటి ఫోన్ ప్రకటన పుణ్యమా అని మనవాళ్ళందరూ 'హచ్ కుక్క' అంటారే, అదే. ఎండాకాలంలో దాన్ని ఏసీ గదిలోనే తీయండి.

సెట్టింగులు

షట్టర్ స్పీడ్ అంటే షట్టర్ సెకనులో ఎన్నో వంతు సేపు తెరుచుకుంటుందో ఆ లెక్క. ఊరికే కూర్చున్న కుక్కకి 1/250, నడిచేదానికి 1/500, పరిగెత్తేదానికి 1/1000 నుంచి 1/2000. కూర్చున్న కుక్కే కదా అని 1/60కి దిగకండి, చెవులూ తోకా ఊరుకోవు. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 3200 దాకా నిస్సంకోచంగా పెంచండి. కాస్త నలుసు నలుసుగా ఉన్న ఫోటోని ఎవరూ తప్పుపట్టరు, మసకగా ఉంటే పడేయాల్సిందే.

అసలు తిప్పలు ఎపర్చర్ దగ్గర, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం దగ్గర. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవాలని అందరూ ఎఫ్ 1.8 పెట్టేస్తారు. 85 ఎంఎం లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి, ఎఫ్ 2 దగ్గర ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఆరేడు సెంటీమీటర్లే. లాబ్రడార్‌కి ముక్కు కొస నుంచి కంటి దాకా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే ముక్కు స్పష్టంగా వస్తే కళ్ళు పోతాయి, పక్కన మనిషి మొహం సంగతి సరేసరి. ఎఫ్ 5.6కి వెళ్తే ఆ లోతు పద్దెనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇద్దరున్న ఫోటోకి నేను ఎఫ్ 4 కంటే కిందికి దాదాపు దిగను. ఇంకో ఉపాయం ఉంది, ఖర్చు లేనిది: ఇద్దరి కళ్ళూ కెమెరాకి ఒకే దూరంలో ఉండేలా మీరే పక్కకి జరగడం. ఆవిడ సోఫాలో, కుక్క ఆవిడ పక్కన ఉంటే ఎదురుగా కూర్చోండి. కుక్క ఆవిడ ఒళ్ళో ముందుకి ఉంటే మీరు పక్కకి వెళ్ళండి.

సోనీ 2019లో ఏ7 మూడో తరం కెమెరాలకి అప్‌డేట్ ఇచ్చి జంతువుల కన్ను గుర్తించే ఫోకస్ తెచ్చింది. ఆ తర్వాత కెనాన్, నికాన్ కూడా ఇచ్చాయి. గొప్ప సదుపాయమే, కానీ చాలా మోడళ్ళలో 'మనిషా, జంతువా' అని మీరే ఎంచుకోవాలి. జంతువు అని పెట్టి మర్చిపోతే ఆవిడ ఒక్కరినే తీసేటప్పుడు ఫోకస్ గోడ మీదికి పోతుంది. నాకైంది కాబట్టి చెబుతున్నాను.

లెన్సుల గురించి రెండు మాటలు చాలు: ఇంట్లో 35 ఎంఎం, బయట 85 ఎంఎం లేదా 70-200 జూమ్. వైడ్ లెన్స్‌తో మొహంలోకి దూరితే ముక్కు వంకాయంత అవుతుంది. నవ్వుకోవడానికి ఒకటి తీసుకోండి, అంతే.

నల్ల కుక్కని తీసేటప్పుడు కెమెరా మీటర్‌ని (వెలుతురు కొలిచే భాగాన్ని) నమ్మకండి. దానికి ప్రపంచమంతా బూడిద రంగే. ఫ్రేములో సగానికి పైగా నల్లటి ఒళ్ళే ఉంటే కెమెరా కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది, నిగనిగలాడే కుక్క పాత గొడుగులా వెలిసిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (కెమెరా లెక్కకంటే వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగుని) మైనస్ 0.7 చేయండి. రాజపాళయం లాంటి తెల్ల కుక్క ఫ్రేమంతా నిండితే ప్లస్ 0.7. అదే నల్ల కుక్క సున్నం వేసిన గోడ ముందు చిన్నగా కూర్చుంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ప్లస్ కావాలి. నల్ల కుక్కకి ఎదురు వెలుతురుకంటే పక్క వెలుతురు మేలు, బొచ్చులో గీతలు లేచి కనబడతాయి. రా ఫార్మాట్‌లో (కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే ఫైలుగా) తీస్తే తర్వాత సర్దుకోవడానికి కొంత వీలుంటుంది.

నేల మీద కూర్చోండి, కుదిరితే పడుకోండి

నిలబడి తీసిన కుక్క ఫోటోలో నడ్డీ, నెత్తీ తప్ప ఏమీ ఉండవు. లెన్స్ దాని కంటి ఎత్తుకి రావాలి. పాత ప్యాంటు వేసుకెళ్ళండి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎలియట్ ఎర్విట్ 1946లో న్యూయార్క్ వీధిలో తీసిన ఫోటో ఒకటుంది: కెమెరా దాదాపు నేలకి ఆనించి ఉంటుంది, స్వెటర్ తొడుక్కున్న బుల్లి చివావా మన వైపు చూస్తుంటుంది, పక్కన దాని యజమానురాలి కాళ్ళు మాత్రమే. ఆవిడ మొహం లేదు. అయినా ఆవిడతో ఆ కుక్క లోకం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. మనిషి ఫ్రేములో ఉండాలంటే మొహం ఉండి తీరాలన్న రూలేమీ లేదని దాన్ని చూసే నేర్చుకున్నాను.

అందుకే చేతుల మీద శ్రద్ధ పెట్టండి. చెవి వెనక గోకే వేళ్ళు, బెల్టు బకిల్ పెట్టే చెయ్యి, గాజుల చేతి మీద ఆనించిన గడ్డం, గోరింటాకు పెట్టుకున్న అరచేతిని వాసన చూసే తడి ముక్కు. మనుషులు మొహంతో పోజు పెట్టగలరు గానీ, చేతులతో పెట్టడం వాళ్ళకి రాదు.

"దగ్గరికి తీసుకుని గట్టిగా పట్టుకోండి" అని మాత్రం చెప్పొద్దు. మనకి కౌగిలింత ప్రేమ కావచ్చు, చాలా కుక్కలకి మాత్రం కట్టేసినట్టు ఉంటుంది. ఫోటోలో మనిషి నవ్వుతుంటారు, కుక్క చెవులు వెనక్కి వాల్చి ఎటో చూస్తుంటుంది. దానికి బదులు "మీరు రోజూ చేసేదే చేయండి, నేను లేననుకోండి" అనండి. మొదటి పది నిమిషాలూ వాళ్ళకి టెన్షన్‌గానే ఉంటుంది. చేతికి పని ఉంటే అది పోతుంది: బొచ్చు దువ్వమనండి, గిన్నెలో నీళ్ళు పోయమనండి, కుక్కతో మాట్లాడమనండి. ప్రతి ఇంట్లోనూ కుక్కతో మాట్లాడే గొంతు వేరేగా ఉంటుంది, ఆ గొంతు పెట్టగానే మొహం కూడా మారిపోతుంది. నేను ఎదురుచూసేది ఆ మార్పు కోసమే. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, అప్పటిదాకా పాస్‌పోర్ట్ ఫోటోలా కూర్చున్నవారు, "ఏరా బంగారం, ఆకలేస్తోందా నాన్నా" అనగానే ఆయన కనుబొమలు పైకి లేచాయి. వరసగా పన్నెండు ఫ్రేములు కొట్టాను.

కుక్క వెనకాల కెమెరా పట్టుకుని ఇల్లంతా తిరిగితే కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టే. పని జరిగే చోట ముందే కూర్చుని, ఫోకస్ సిద్ధం చేసుకుని ఉండండి. ఇంటాయన స్కూటర్ వచ్చే టైముకి గేటు లోపల, కింద కూర్చోండి. షట్టర్ 1/1000, బర్స్ట్ మోడ్ (నొక్కి పట్టుకుంటే వరసగా ఫ్రేములు కొట్టేది). చప్పుడు వినబడినప్పుడు లేచే చెవులు, గేటు సందులోంచి చూసే ముక్కు, గొళ్ళెం తీసేలోపు గిరగిరా తిరగడం, ఆయన హెల్మెట్ తీసేదాకా ఆగలేక మోకాళ్ళ మీద పడ్డ ముందుకాళ్ళు. ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. మళ్ళీ చేయించడానికి ప్రయత్నించకండి. ఆయన బయటికెళ్ళి మళ్ళీ వస్తే కుక్క మొహంలో ఆ వెర్రి సంతోషం సగం కూడా ఉండదు. తప్పిపోతే రేపు రండి.

ఎప్పుడైనా కుక్క మీ వైపు చూడాల్సొస్తే కీచు బొమ్మని ఒకటి రెండుసార్లే నొక్కండి, మూడోసారికి అది లెక్కచేయదు. బిస్కెట్ ప్యాకెట్ గలగల ఎక్కువసేపు పనిచేస్తుంది. ట్రీట్స్‌గా ఉడికించిన చికెన్ ముక్కలు చిన్నచిన్నవి చాలు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కలకి విషం, ఇంట్లో పిల్లలు ప్రేమగా పెట్టబోతే ఆపండి. పచ్చగడ్డిలో బంతాట తీస్తే ఎర్ర బంతి తేకండి. కుక్కలకి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు పచ్చలో కలిసిపోతుంది. నీలం బంతి వేస్తే అది ఎటు పరిగెడుతుందో మీకూ ముందే తెలుస్తుంది.

గొలుసు ఫోటోలో కనబడకూడదంటారు కొందరు. రోడ్డు పక్కన దాన్ని విప్పించడం ప్రమాదం. కెమెరాని స్టాండు మీద కదలకుండా పెట్టి, ముందు గొలుసుతో, తర్వాత ఇద్దరూ పక్కకి జరిగాక ఖాళీ స్థలాన్ని ఒకసారి తీసుకోండి. ఎడిటింగ్‌లో రెండూ కలిపి గొలుసు చెరిపేయొచ్చు. నా వరకు నేను ఉంచేస్తాను. వదులుగా వేలాడే గొలుసు, దాని చివర ధీమాగా ఉన్న చెయ్యి కూడా వాళ్ళ కథలో భాగమే.

ముసలి కుక్కలు, వీధి కుక్కలు

పన్నెండు, పదమూడేళ్ళు దాటిన కుక్కని తీయమని పిలిస్తే ఎందుకు పిలిచారో వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. మీరూ అడగకండి. ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు, అది పడుకునే గోనెపట్టా దగ్గరే ఇరవై నిమిషాల్లో ముగించండి. తెల్లబడ్డ మూతి, పొర కమ్మిన కన్ను, మోచేతి దగ్గర బొచ్చు రాలి గట్టిపడ్డ చర్మం దగ్గరనుంచి తీయండి. ఎడిటింగ్‌లో కన్ను శుభ్రం చేయొద్దు. ఆ కన్నునే కదా వాళ్ళు రోజూ చూస్తున్నది. చెవుడొచ్చిన కుక్కలు అడుగుల అదురుకి తల ఎత్తుతాయి. పడుకున్న కుక్క, గుమ్మంలోంచి వస్తున్న పాదాలు, ఎత్తిన తల: ఈ మూడూ ఒక ఫ్రేములోకి వచ్చేలా కూర్చోండి.

ఇక జాతి కుక్కలకే యజమానులుంటారని ఎవరన్నారు? హైదరాబాద్‌లో మా అపార్టుమెంట్ వాచ్‌మన్ కుర్చీ కింద ఒక ఊరకుక్క ఉంటుంది. దానికి బెల్టు లేదు, పేరు కూడా రోజుకోటి. రాత్రి పదకొండుకి ఆయన రౌండ్‌కి లేస్తే అదీ లేస్తుంది. టార్చి వెలుతురు ముందు, దాని వెనక ఆయన, ఆయన వెనక అది. 1/125, ఎఫ్ 2, ఐఎస్‌ఓ 6400కి వెళ్ళి తీశాను. నలుసులు బాగా ఉన్నాయి. నా దగ్గరున్న ఫోటోల్లో నాకు బాగా ఇష్టమైనది అది.

ఫోన్ ఒక్కటే ఉంటే

ఫోన్‌తోనూ ఇదంతా అవుతుంది, రెండు జాగ్రత్తలతో. పోర్ట్రెయిట్ మోడ్ చెవుల అంచుల్నీ, మీసాల్నీ కత్తిరించేస్తుంది, కాబట్టి బొచ్చు కుక్కలకి మామూలు మోడే వాడండి. తెరమీద కంటి దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, తర్వాత వేలు కిందికి జరిపి వెలుతురు కాస్త తగ్గించండి. 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ ఉంటే అది వాడండి, మొహం సాగదు. ఫోన్‌ని తలకిందులు చేసి పట్టుకుంటే లెన్స్ నేలకి ఇంకా దగ్గరవుతుంది. ఇంట్లో రోజూ ఫోటోలు తీసేవాళ్ళు తమ కుక్కతో ఒక్క ఫోటోలో కూడా ఉండరు. మీరే ఆ మనిషైతే ఈసారి ఫోన్ ఇంకొకరి చేతిలో పెట్టి కింద కూర్చోండి.

ఏరడం, ఇవ్వడం

నాలుగొందల్లోంచి ఇరవై చాలు. మొదటి వడపోతలో ఫోకస్ చూడండి. రెండోసారి చూసేటప్పుడు మనిషి మొహం కాదు, కుక్క చెవులు చూడండి. చెవులు తన మనిషి వైపు తిరిగున్న ఫ్రేమ్ దాదాపు ఎప్పుడూ మంచి ఫ్రేమే. ఎడిటింగ్‌లో కళ్ళని మరీ వెలిగించకండి, చొంగ తుడవకండి. కంటి పుసి మాత్రం నేను తీసేస్తాను, తీసే ముందు తడిగుడ్డతో తుడవమని చెప్పడం మర్చిపోయినందుకు నన్ను నేను తిట్టుకుంటూ.

ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. కనీసం రెండు ప్రింట్లు మీరే వేయించి ఇవ్వండి, మెరుపు లేని మ్యాట్ పేపర్ మీద. మెరిసే గ్లాసీ పేపర్ మీద నల్ల బొచ్చు కిటికీ వెలుతురుకి అద్దంలా మెరిసి ఏమీ కనబడదు. ప్రింట్లు ఇవ్వడానికి మీరే వెళ్ళండి, చేతిలో కెమెరా లేకుండా. ఈసారి కుక్క మీ బ్యాగ్ కోసం వెతుకుతుంది, అందులో చికెన్ ముక్కలుంటాయని దానికి గుర్తే.